తొట్టిలో దొరికిన సగం కథ

పుస్తకం ఆఖరి పేజీ తిప్పేసరికి పొయ్యి మీద బంగాళాదుంపలు అడుగంటి ఇల్లంతా మాడు వాసన. స్వావా అటు చూడనైనా లేదు. అట్ట వెనక నవ్వుతున్న రచయిత ఫొటోని బల్లకేసి బోర్లించి, "నీ నోట్లో మన్నుపడ, మా అమ్మ నీకేం చేసిందిరా?" అంది.

అడగాల్సిన మాటే. ఆ పుస్తకంలో గ్రోవా అని ఒకావిడ ఉంది. సముద్రపు పాయ ఒడ్డున చిన్న ఊరు, పడవ మునిగి మొగుడు పోయాడు. ఆ రోజు నుంచి ఆవిడ రోజూ మధ్యాహ్నం మూడింటికి మొగుడి కప్పు తీసి, కాఫీ పోసి, ఖాళీ కుర్చీ ముందు పెడుతుంది. కుర్చీతో కబుర్లు చెబుతుంది. పిల్లలు జడుసుకుని మంచాల కింద దూరతారు. చివరికి ఒక తెల్లవారుజామున నైట్‌గౌనుతోనే సముద్రంలోకి నడిచి వెళ్లిపోతుంది. గుండెల్ని పిండేసిందని పేపర్లవాళ్లు రాశారు. పిండదూ మరి! పక్కవాళ్ల గుండె తెచ్చుకుని పిండితే తనకేం నొప్పి?

గ్రోవా ఎవరో కనుక్కోవడానికి మా ఊళ్లో ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. స్వావా తల్లి ఊన్నుర్. పసుపురంగు రేకుల ఇల్లు అలాగే ఉంది, కిటికీలో చెక్క ఓడ అలాగే ఉంది, కప్పు మీద నీలం చేప బొమ్మ కూడా అలాగే ఉంది. మహానుభావుడు పేర్లు మార్చి ఊరుకున్నాడు. ఇంటికి ఇంకో రంగు వెయ్యడానికి కూడా బద్ధకించాడు.

ఊన్నుర్ ఏ సముద్రంలోకీ నడవలేదు. మొగుడు పోయాక చేపలు కోసే ఫ్యాక్టరీలో చేరి, కూతుర్నీ కొడుకునీ పెంచి, ఆడవాళ్లకీ మగవాళ్లతో సమానంగా కూలి ఇచ్చేదాకా కదలనని మేనేజరు గదిలో బైఠాయించి, సాధించుకొచ్చిన మనిషి. ముసలితనంలో కూడా పేకాటలో దొంగాట ఆడేవాణ్ణి ఇట్టే పట్టేసేది. కాలం తీరి మంచం మీద కన్నుమూసింది. ఆ పెద్దమనిషి ఆమెని పిచ్చిదాన్ని చేసి నీళ్లలో ముంచేశాడు. ఆ మాటకొస్తే ఈ గొడవంతా మొదలైంది కూడా నీళ్లలోనే.

స్వావాది మా ఊరి ఈతకొలనులో ఉద్యోగం. టిక్కెట్లిచ్చేదీ ఆమే, తువ్వాళ్లు అద్దెకిచ్చేదీ ఆమే, ఒంటికి సబ్బు రుద్దుకోకుండా నీళ్లలో దిగబోయేవాణ్ణి మంత్రైనా సరే వెనక్కి తరిమేదీ ఆమే. కొలను పక్కన వేడినీళ్ల తొట్టి ఉంది. ఐస్‌లాండ్‌లో తొట్టి లేని ఊరు ఉండదు, కబుర్లు లేని తొట్టి అంతకన్నా ఉండదు. పైన మంచు కురుస్తున్నా సరే, మెడ దాకా వేడినీళ్లలో కూర్చుని చేపల ధర నుంచి రాజధానిలో ప్రభుత్వం దాకా అన్నిటినీ ఉతికి ఆరేస్తారు. ఆ తొట్టికి కట్టుబాటు ఒక్కటే. ఎవరూ గోడ మీద రాసిపెట్టలేదు గానీ పసిపిల్లలకి కూడా తెలుసు. తొట్టిలో కూర్చున్న మనిషి సంగతి తొట్టిలో ఎత్తకూడదు. ఆ మనిషి తువ్వాలు చుట్టుకుని లోపలికి వెళ్లాక నీ ఇష్టం. సగం బట్టలతో కూర్చున్నవాళ్లకి ఆపాటి మర్యాద ఉండొద్దూ!

హెర్మన్ అనే ఆ రచయిత వసంతంలో వచ్చాడు. పాత పాస్టరు గారి ఇంటిని మా ఊరివాళ్లు రచయితలు వచ్చి ఉండి రాసుకోవడానికి ఉంచారు. వచ్చిన మర్నాడే తొట్టిలో చేరి, కథ దొరకడం లేదని మొదలెట్టాడు. రెండేళ్లయిందట, ఒక్క మంచి ఆలోచన తట్టలేదట, పబ్లిషరు ఫోన్ మోగితే గుండె దడట. అందరికీ జాలేసింది. మా దేశంలో ప్రతివాడూ కడుపులో ఒక పుస్తకం మోస్తూనే తిరుగుతాడు. నెలలు నిండినా కానుపు రాని బాధ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ఇక చూడండి, ఊరంతా మంత్రసానులైపోయారు. పోస్టుమాన్ తన దెయ్యం కథ చెప్పాడు. బేకరీ అతను తన తాత రెండు పెళ్లిళ్ల సంగతి చెప్పాడు. హెర్మన్ చేపల మొప్పలెత్తి చూసినట్టు ఒక్కొక్కదాన్నీ ఎత్తి చూసి, ఇది పాతది, ఇది ఎక్కడో విన్నాను అని పక్కన పడేసేవాడు. ఉచితంగా ఇస్తుంటే ఆ ఎంపిక చూడండి!

స్వావా కడుపులోనూ ఒక పుస్తకం ఉంది. తల్లి కథ. ఎప్పటికైనా తనే రాయాలని ఆమె కోరిక. అయినా ఒక సాయంత్రం డ్యూటీ దిగి తొట్టిలో కూర్చుని, హెర్మన్ "నీ దగ్గరేం లేదా?" అని అడిగేసరికి మొహమాటపడి నోరు జారింది. నాన్న పోయాక అమ్మ రోజూ మూడింటికి ఆయన కప్పులో కాఫీ పోసి బల్ల మీద పెట్టేదని చెప్పింది. అంతే చెప్పింది. ఇంతలో గాలికి ఆవిరి పక్కకి తొలగితే ఎదురుగా గడ్డం దాకా నీళ్లలో కళ్లు మూసుకుని మా ఊరి ముసలాయన కేతిల్ కనిపించాడు. మిగతా సగం అతనిది. స్వావా నోటి దాకా వచ్చిన మాటని మింగేసి, "నీళ్లు చల్లారిపోయాయి" అని లేచిపోయింది.

ఆ నీళ్లు ఎప్పుడూ చల్లారవు. భూమి కడుపులోంచి పొగలు కక్కుతూ వస్తాయి. ఆ మాట మా ఊళ్లో ఎవరు విన్నా, ఓహో, మిగతా సంగతి ఇక్కడే ఉన్న ఎవరికో తగులుతుంది కాబోలు, తర్వాత టిక్కెట్ల దగ్గర నిలబడి అడుగుదాం అనుకుంటారు. హెర్మన్ అడగలేదు. తువ్వాలైనా సరిగ్గా చుట్టుకోకుండా పాస్టరు ఇంటికి పరిగెత్తాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఇక్కడ చెప్పినవాళ్లే లోకువైపోయారు.

ఇంతకీ ఆ కప్పులో కాఫీ తాగింది కేతిల్. పడవలో నలుగురు వెళ్తే తిరిగొచ్చినవాడు అతనొక్కడే, ఇంకా మీసాలు సరిగ్గా రాని వయసులో. బతికొచ్చినవాణ్ణి చూసి ఊరు సంతోషించిందనుకుంటున్నారా? ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అదే అసలు బాధ. షాపులో అతను నిలబడితే ఆడవాళ్లు బేరం సగంలో వదిలేసి వెళ్లేవాళ్లు. మావాళ్లు పోయి నువ్వెలా వచ్చావ్ అని కళ్లతోనే అడిగేవాళ్లు. అప్పుడు ఊన్నుర్ ఒక మధ్యాహ్నం అందరూ చూస్తుండగా రేవులో కూర్చున్న అతని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయి, మొగుడి కప్పులో కాఫీ పోసి ముందు పెట్టింది. మర్నాడూ రమ్మంది. అలా ఏళ్ల తరబడి, ఆమె వృద్ధాశ్రమానికి వెళ్లేదాకా, మూడయితే కేతిల్ ఆ కుర్చీలో ఉండేవాడు. విధవరాలి ఇంటికి కుర్రాడు రోజూ వెళ్తున్నాడని కొన్ని నోళ్లు ఆడిపోసుకున్నాయి కూడా. ఆమె ఖాతరు చెయ్యలేదు.

ఊళ్లో పెద్దవాళ్లందరికీ ఇది తెలుసు. తెలిసీ ఎవరూ నోరు మెదపలేదు. కప్పు సంగతి చెబితే కేతిల్ సంగతి చెప్పాలి. కేతిల్ సంగతి చెబితే, వాడి మొహం చూడనివాళ్లెవరో కూడా చెప్పాలి. దానికన్నా ఊన్నుర్ పిచ్చిదైపోవడమే వాళ్లకి సుఖంగా ఉంది. స్వావాకి రచయిత మీద ఎంత మండిందో ఊరి మీదా అంతే మండింది.

క్రిస్మస్ ముందు మాకు పుస్తకాల వరద. కొననివాడు లేడు, కానుకగా ఇవ్వనివాడు లేడు. హెర్మన్ పుస్తకం ఆ వరదలో అందరికన్నా ముందు కొట్టుకొచ్చింది. రేడియోలో చదివారు. ఎక్కడెక్కడివాళ్లో కార్లేసుకుని వచ్చి పసుపు ఇంటి ముందు నిలబడి ఫొటోలు తీసుకున్నారు. టూరిస్టు ఆఫీసు అమ్మాయి వచ్చి, ఇంటి ముందు చిన్న బోర్డు పెట్టుకోవచ్చా అని నవ్వుతూ అడిగితే స్వావా ఆమె మొహం మీదే తలుపేసింది. దానికేం, పాపం చిన్నపిల్ల. కానీ ఆదివారం తల్లి సమాధి దగ్గర దీపం పెట్టడానికి వెళ్తే, రాతి ముందు ఎవరో ఒక కాఫీ కప్పు పెట్టి ఉన్నారు. అందులో కాఫీ గడ్డకట్టి ఉంది. స్వావా ఆ కప్పుని స్మశానం గోడ అవతలికి విసిరికొట్టింది. అక్కడే మంచులో కూలబడింది.

ఇంకో సంగతి ఆమెని లోపల్లోపలే కోసేస్తోంది. పుస్తకం వచ్చిన దగ్గర్నుంచి కేతిల్ తొట్టికి రావడం మానేశాడు. ఆ మనిషి తుపాను రోజు కూడా మానేవాడు కాదు.

స్వావా హెర్మన్‌కి ఫోన్ చేసింది. కోప్పడకూడదని ముందే అనుకుంది, అయినా రెండో మాటకే గొంతు లేచిపోయింది. అతను మాత్రం వెన్నపూస రాసినట్టు మాట్లాడాడు. అది కల్పన అన్నాడు. తన గ్రోవా వేరు, మీ అమ్మ వేరు అన్నాడు. కథలు గాల్లో ఉంటాయి, ఎవరి సొత్తూ కావు అన్నాడు. చదివినవాళ్లెందరో ఏడ్చామని ఉత్తరాలు రాస్తున్నారు, నీకు గర్వంగా లేదా అని కూడా అడిగాడు.

"నేను నీకు చెప్పింది సగమే," అంది స్వావా.

"రచయితకి సగం చాలు, స్వావా. మిగతా సగం మేం వెతుక్కుంటాం."

"వెతకలేదు నువ్వు. వెతికితే దొరికేది. ఒక్క మాట అడిగితే దొరికేది."

అయితే ఇప్పుడు చెప్పు అన్నాడతను. చెబితే తల్లి బతుకుతుంది, కేతిల్ చస్తాడు. అరవై ఏళ్లు దగ్గరపడుతున్న ఆమెకి అంత నిస్సహాయత ఎప్పుడూ కలగలేదు. ఫోన్ పెట్టేస్తుంటే అతను తియ్యగా, ఆదివారం మీ ఊళ్లో పుస్తకం చదవడానికి వస్తున్నాను, అక్కడ కలుద్దాం అన్నాడు.

ఊరి హాల్లో సభ జరిగితే కాఫీ, ప్యాన్‌కేకులు మహిళా సంఘం బాధ్యత. ఆ వారం కాఫీ పోసే వంతు స్వావాది. తనవల్ల కాదు, ఇంకెవరినైనా పెట్టమని సంఘం అధ్యక్షురాలు ఓద్నీని బతిమాలింది. ఓద్నీ ఆమెతో కలిసి చదువుకున్న మనిషి, మొహమాటం తెలియదు. "కాఫీ పొయ్యడానికేమే నీకు? వాడి కప్పులోనే పొయ్యి, నెత్తిన పొయ్యకు, అంతే" అంది. స్వావాకి నవ్వు రాలేదు.

మూడు దాటితే చీకటి పడే రోజులు. కిటికీల్లో కొవ్వొత్తులు పెట్టారు. హాలు నిండిపోయి వెనక గోడకి ఆనుకుని కూడా జనం. ఆ గోడ దగ్గరే, టోపీ చేతిలో పట్టుకుని కేతిల్ నిలబడి ఉండటం స్వావా చూసింది. ఎందుకొచ్చాడీ మనిషి?

హెర్మన్ బాగా చదివాడు. నిజం చెప్పొద్దూ, గొంతు బాగుంటుంది. కుర్చీతో మాట్లాడే ఘట్టం చదువుతుంటే ముందు వరసలో ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఊన్నుర్ సాధించిన కూలితో ఇళ్లు కట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు వాళ్లలో. స్వావా వాళ్ల కప్పుల్లో కాఫీ పోస్తూ పళ్లు కొరుక్కుంది.

చదవడం అయ్యాక స్కూలు టీచరు లేచి, ఇలాంటి కథలు మీకెలా తడతాయండీ అని అడిగింది. ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు హెర్మన్ కుర్చీలో సర్దుకున్నాడు. కథల్ని వెతక్కూడదన్నాడు. చెవులు తెరుచుకుని కూర్చుంటే అవే వస్తాయన్నాడు. ఒడ్డున గవ్వ దొరికితే ఎవరిదని అడుగుతామా, జేబులో వేసుకుంటాం అన్నాడు. ఈ ఊరి తొట్టిలో తనకి ఒకే ఒక్క వాక్యం దొరికిందనీ, అది చాలనీ, ఎక్కువ తెలిస్తే కల్పనకి చోటుండదనీ చెప్పాడు. జనం తలలూపారు. టీచరు రాసుకుంది కూడా.

స్వావా ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది.

"మా అమ్మకి పిచ్చి లేదు," అంది.

హాలంతా ఆమె వైపు తిరిగింది. హెర్మన్ ఓపిగ్గా నవ్వి, మీ అమ్మ గురించి నేను రాయలేదని మళ్లీ మొదలెట్టబోయాడు.

"ఆ కప్పు ఖాళీ కుర్చీకి పెట్టలేదు. అమ్మ ఒక్కనాడు కూడా ఖాళీ కుర్చీతో మాట్లాడలేదు."

అతను ముందుకి వంగాడు. ఈసారి నవ్వు పోయింది, కళ్లలో ఆకలి కనిపించింది. "మరెవరికి పెట్టింది?"

పెద్దవాళ్లు తలలు దించుకుని ప్లేట్లలో ప్యాన్‌కేకుల్ని చూసుకున్నారు. ఓద్నీ కూడా చూసుకుంది. స్వావా వెనక గోడ వైపు చూడకుండా ఉండటానికి మెడ బిగబట్టుకుని నిలబడింది. నాలిక చివర ఉన్న ఒక్క పేరు పలికితే చాలు, తల్లికి పట్టిన మకిలి వదిలిపోతుంది. పలకలేదు. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అవి కోపంతో వచ్చినవని ఆ జనానికేం తెలుసు! తల్లిని తలుచుకుని ఏడుస్తోందనుకున్నారు. ఆమె ఫ్లాస్కు తీసుకుని వంటగది వైపు నడిచింది.

"నాకు," అన్నారు వెనక నుంచి.

కేతిల్ గోడ వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. నలుగురిలో మాట్లాడి ఎన్నేళ్లయిందో. "ఆ కాఫీ నాకు పెట్టింది. ఆ కుర్చీలో నేను కూర్చునేవాణ్ణి. ఇక్కడ సగం మందికి తెలుసు, చెప్పరు. నేను బతికొచ్చినందుకు వాళ్లు నన్నేం చేశారో కూడా చెప్పరు. పోనీలే. నేను కూడా ఇన్నాళ్లు చెప్పలేదు."

తర్వాత అతను చెప్పింది స్వావాకి కూడా తెలియదు. మొదటి రోజు ఊన్నుర్ కాఫీ ముందు పెట్టి ఒక్కటే అడిగిందట. ఆయన ఆఖరున ఏమన్నాడని. కేతిల్ నిజమే చెప్పాడట. అల కొట్టింది, చీకటి, తను తెప్ప పట్టుకుని అరిచాడు, ఎవరూ పలకలేదు. ఏమీ చూడలేదు, ఏమీ వినలేదు. ఆ మాట విన్నప్పుడు ఆమె మొహం ఎలా అయిపోయిందో ఇప్పటికీ కళ్ల ముందే ఉందన్నాడు. మర్నాడు వెళ్లి, నిన్న చెప్పడం మర్చిపోయాను, వల లాగుతూ ఆయన పాట పాడాడు అని చెప్పాడట. ఆ మొహంలోకి రక్తం వచ్చిందట. ఆ మర్నాడు ఇంకోటి. కూతురికి బొమ్మ చెక్కుతానన్నాడని, కొడుకు నడక చూసి మురిసిపోయాడని, వంటవాడి పులుసు మీద జోకు వేశాడని. కల్పన అయిపోతే ఎలాగా అని రోజంతా ఐసు గోదాములో పని చేస్తూ రేపటికేం చెప్పాలా అని ఆలోచించేవాడట. తనకి ఒకటీ తట్టని రోజున మూడు కాకూడదని దణ్ణం పెట్టుకునేవాడట.

స్వావాకి తండ్రి గురించి తెలిసిందంతా చిన్నప్పుడు ఆ బల్ల కింద కూర్చుని విన్నదే. పాటా, చెక్కబొమ్మా, పులుసు మీద జోకూ, అన్నీ ఈ మనిషి గోదాములో అల్లినవా? ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు.

హెర్మన్ లేచి నిలబడిపోయాడు. మొహం వెలిగిపోతోంది. "చూశారా! ఇతనూ కల్పించాడు. నిజం తెలియని చోట కథ చెప్పాడు. నేను చేసిందీ అదే కదా. ఇతనిది ప్రేమా, నాది నేరమూనా?"

అడిగిన తీరు చూస్తే సబబుగానే ఉంది. కొందరు కేతిల్ వంక ఇప్పుడేమంటావన్నట్టు చూశారు కూడా.

కేతిల్ టోపీని చేతుల్లో తిప్పాడు. "నేను ఆవిడ మొహం చూస్తూ చెప్పాను, బాబూ," అన్నాడు. "తప్పు మాట పడితే ఆ మొహంలోనే తెలిసిపోయేది. అక్కడికక్కడే దిద్దుకునేవాణ్ణి. నువ్వు ఎవరి మొహం చూస్తూ రాశావు?"

ఇందాక కళ్లు తుడుచుకున్నవాళ్లు చేతిగుడ్డలు సంచుల్లో పెట్టుకున్నారు. హెర్మన్ తేలు కుట్టిన దొంగలా నీళ్లు తాగి, పుస్తకం మూశాడు. సంతకాల కోసం వేసిన బల్ల దగ్గరికి ఓద్నీ వెళ్లి, అక్కడ పేర్చిన పుస్తకాల మీద ప్యాన్‌కేకుల పళ్లెం పెట్టి, "తినండి, చల్లారిపోతున్నాయి" అని జనాన్ని పిలిచింది. ఇన్నాళ్లు నోరు మూసుకున్నందుకు ఆమె చెప్పుకోగలిగిన క్షమాపణ అదే. స్వావాకి అది చాలలేదు. ఇప్పటికీ చాలలేదు, ఓద్నీకి ఆ సంగతి తెలుసు.

జనం పల్చబడ్డాక హెర్మన్ వంటగదిలోకి వచ్చాడు. స్వావా కప్పులు కడుగుతోంది. ఇంత గొప్ప కథ చేతిలో పెట్టుకుని తను పొరపాటు పడ్డానని ఒప్పుకున్నాడు. మంచిదే. అక్కడితో ఆగితే ఇంకా మంచిదయ్యేది. మళ్లీ రాస్తానన్నాడు. ఈసారి మొత్తం రాస్తానన్నాడు. బతికొచ్చిన కుర్రాడూ, రోజుకో అబద్ధమూ, మొదటి పేజీలోనే మీ ఇద్దరికీ కృతజ్ఞతలు చెబుతానన్నాడు. చేతిలో అప్పటికే పెన్ను ఉంది.

"రాయనా?" అన్నాడు.

స్వావా చేతులు తుడుచుకుని అతనికేసి తిరిగింది. "అడగడం నేర్చుకున్నావు, సంతోషం. వద్దు."

"కానీ స్వావా, ఇలాంటి కథ..."

"అడిగావు, నేను వద్దన్నాను. అడగడమంటే ఇదీ. నేను రాసుకుంటాను. చాతకాకపోతే రాయకుండా చచ్చిపోతాను. నీ కోటు అక్కడుంది."

అతను కోటు వేసుకుని వెళ్లిపోయాడు. తలుపు మూసుకున్నాక ఆమె అప్పటిదాకా తుడుస్తున్న కప్పుని ఇంకోసారి తుడిచింది. ఒళ్లంతా ఇంకా వేడిగానే ఉంది.

కేతిల్ బయట మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఇద్దరి ఇళ్లూ ఒకే వైపు. మంచు కరకరలాడుతుంటే కొంతదూరం నడిచారు. స్వావాకి అడగాలని ఉంది, వినాలని లేదు. చివరికి చర్చి మలుపు దగ్గర ఆగిపోయింది.

"అన్నీ అబద్ధాలేనా, కేతిల్? ఒక్కటీ నిజం లేదా?"

"ఒక్కటీ లేదు, పిల్లా. మీ నాన్న నాతో మాట్లాడింది పనిమాటలే. తాడు లాగు, కిందకి దిగు, అంతే. మంచివాడే. మాటకారి కాదు."

"అమ్మ చచ్చిపోయేదాకా నీ మాటలు నమ్మింది. మోసం కాదూ అది?"

కేతిల్ మఫ్లరు సర్దుకున్నాడు. "నేనూ అదే అనుకున్నాను. అందుకే ఆవిడ వృద్ధాశ్రమానికి వెళ్లే ముందురోజు ఒప్పేసుకున్నాను. ఊన్నుర్, ఇన్నేళ్లు నీకు చెప్పినవన్నీ నేను అల్లినవే, క్షమించు అన్నాను. ఏడుస్తుందనుకున్నాను. కప్పు తీసి మొహాన కొడుతుందేమో అని కూడా అనుకున్నాను."

"ఏం చేసింది?"

"నవ్వింది. 'ఆ సంగతి నాకు రెండో రోజే తెలిసిందిరా, మా ఆయన పాట పాడాడన్నప్పుడే. ఆయన గొంతెత్తితే గొర్రెలు కొండెక్కేవి' అంది."

స్వావా నోరు తెరుచుకుని చూసింది. "తెలిసీ ఎందుకు విన్నదట?"

"నేనూ అడిగాను." కేతిల్ ముక్కు తుడుచుకుని, చర్చి వైపు చూస్తూ చెప్పాడు. "'వినకపోతే నువ్వు రావడం మానేసేవాడివి. ఆ రోజు రేవులో నువ్వు నీళ్లవైపు చూస్తున్న చూపు నేను చూశాను. రేపటికేం చెప్పాలా అని ఆలోచించుకునేవాడు రాత్రికి రాత్రి ఎక్కడికీ పోడు కదా' అంది."

స్వావా అక్కడే, రోడ్డు మధ్యలో, రెండు చేతులతో మొహం కప్పుకుంది. ముందు నవ్వొచ్చింది, గొర్రెల మాటకి. తర్వాత వచ్చినదాన్ని ఆపుకోలేకపోయింది. కేతిల్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఎలా ఓదార్చాలో తెలియక, పిల్లా పిల్లా అంటూ నిలబడ్డాడు. చాలాసేపటికి ఆమె తలెత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, కోపం మాత్రం చెక్కు చెదరలేదు.

"అంత మనిషిని, కేతిల్," అంది. "అంత మనిషిని పట్టుకుని వాడు కుర్చీతో మాట్లాడించాడు."